కిటికీకి కట్టిన గోనెపట్టా

నా మనవరాలు నెలలు నిండకుండా పుడితే గాజుపెట్టెలో, నీలం దీపం కింద పడుకోబెట్టారు. నోటితో తాగలేని పిల్లకు పాలలా తెల్లగా ఉన్న కొవ్వు మందును సన్నటి గొట్టంతో నరంలోకి ఎక్కించారు. పచ్చకామెర్లు ఆ వెలుతురుకే తగ్గుతాయని నర్సు చెబుతుంటే నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

అరవైల మొదట్లో, కారంపూడి దగ్గర మా అత్తగారి ఊళ్లో, నా తొలి కూతురు ఎనిమిదో నెలలో పుట్టింది. ఏడో నెల పిల్ల బతుకుతుంది గాని ఎనిమిదో నెల పిల్ల నిలవదని మా వైపు నమ్మకం. మాది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే ఇల్లే, అయినా ఆ నమ్మకం మా గడప దాటి బయటికి పోలేదు. చూడవచ్చిన వాళ్లంతా నన్ను ఓదార్చి వెళ్లేవారు. బతికున్న పిల్లకు పరామర్శ ఏమిటని నాకు ఒళ్లు మండేది.

పురిటిగదిలోకి గాలీ వెలుతురూ రాకూడదని అత్త కిటికీకి గోనెపట్టా కట్టింది. రోజూ పిల్లకు నూనె, పసుపు రాసేది. ఆవిడకు పిల్లంటే ప్రాణం. తనకు తెలిసిందంతా చేసింది.

పిల్లకు చప్పరించే ఓపిక లేదు. పాలు పిండి, దూదివత్తితో పెదవుల మీద చుక్కలు వేసేదాన్ని. సగం చెంప మీదికి జారిపోయేవి.

ఒళ్లు పచ్చబడింది. ఆ చీకట్లో అది రాసిన పసుపే అనుకున్నాం. కళ్లు కూడా పచ్చబడ్డాక గాని భయం వేయలేదు. కళ్లకు ఎవరూ పసుపు రాయరు కదా.

చీరకొంగులో చుట్టుకుని బస్సులో నరసరావుపేట తీసుకుపోయాం. డాక్టరు పిల్ల చేతిని తన వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. గ్లూకోజు ఎక్కిద్దామన్నా ఇంత సన్నటి నరంలోకి పోయే సూది తన దగ్గర లేదన్నాడు.

"నాకు పాలు చానా ఉన్నయ్యి డాక్టరుగారూ. ఏదో ఒక దారిన లోపలికి పంపించండి" అన్నాను.

ఆయన పిల్ల చేతిని మళ్లీ కొంగులోపల పెట్టాడు. గుంటూరు పొమ్మంటారా అంటే అందాకా ఆగదమ్మా అన్నాడు.

తిరుగు బస్సులో ఎండ తగులుతుందని అత్త పిల్ల మీద తన కొంగు కూడా కప్పింది. ఇల్లు చేరి కొంగు తీసేసరికి పిల్ల లేదు.

ప్రార్థన చేసి పాతిపెట్టి వచ్చాక, అత్త పురిటిగదిలోకి వెళ్లి గోనెపట్టా విప్పింది.

"ఇంక దీంతో పనేముందే" అంది.

ఎండ గదినిండా పడింది. పిల్ల పడుకున్న పాతచీర మీద కూడా పడింది.