అత్త నాలుక, పీపాలో ద్రాక్షరసం

మా అత్త నాలుకకి తిరుగులేదు. ఈ మాట ఆవిడ ఎదుట ఏనాడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చునేది.

కవిటి పక్కన మా చిన్న చర్చిలో ఈస్టరునాటి ప్రభువు బల్లలో అందరికీ ఇచ్చే ద్రాక్షరసం మేమే చేసుకునేవాళ్లం. పలాస నుంచి పళ్లు తెచ్చి, పిసికి, పంచదార వేసి, టెక్కలి పాతసామాన్ల కొట్టులో కొన్న చెక్క పీపాలో పులియబెట్టేవాళ్లం. సీసాల్లోకి దించే ముందు రుచి చూసి సరే అనాల్సింది మా అత్తే.

దానికో పద్ధతుంది. ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే శ్రమకాలంలో ఒక శుక్రవారం, ఉపవాసం మీదే చూడాలి, నాలుక శుభ్రంగా ఉంటుందని. బోలుగా ఉండే బొప్పాయి కాడని పీపాలోకి సగం దాకా దించి, పైకొనని బొటనవేలితో మూసి పైకి తీయాలి. మీది నురగా రాకూడదు, అడుగు మడ్డీ రాకూడదు. వేలు వదిలితే రసం గ్లాసులో పడుతుంది. వాసన చూసి, పుక్కిలించి, ఉమ్మేయాలి.

ఆ ఏడాది కొత్తగా వచ్చిన పాస్టరుగారు, “పెద్దావిడకి వయసైపోయింది. ఈసారి తేడా వస్తే ఎస్టీడీ బూతు నుంచి ఫోను కొట్టి తయారుగా దొరికే సీసాలే తెప్పించేద్దాం” అన్నారు. అత్త రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పీపా దగ్గర పెద్దరికం పోతే చర్చిలో తననెవరు లెక్కచేస్తారని ఆవిడ దిగులు. నాకైతే ఒళ్లు మండింది.

శుక్రవారం అందరి ముందూ రుచి చూసి అత్త మొహం చిట్లించింది.

“వగరెక్కిపోనాది. పారబొయ్యండి.”

పాస్టరుగారు అదే గ్లాసులోంచి ఓ చుక్క నాలుక మీద వేసుకున్నారు. “బాగానే ఉందే అమ్మా” అన్నారు. నేనూ చూశాను. భేషుగ్గా ఉంది.

తేడా ఎక్కడుందో నాకు తెలుసు. ఆ పొద్దున చర్చికి వచ్చేదారిలో జీడితోటలో అత్త వెనకబడింది. తిరిగి చూస్తే చెట్టుచాటున జీడిపండు కొరుకుతోంది. ఆకలి రుచెరగదంటారు కదా. ఉప్పు లేకుండా ఆ పండు తింటే నాలుక వగరుపట్టేస్తుందని మా ఉద్దానం ఊళ్లలో చంటిపిల్లలకీ తెలుసు. నిజం చెబితే ఆవిడ నాలుక నిలుస్తుంది, ఉపవాసం పరువు పోతుంది. రెండూ నిలవాలి నాకు.

“తప్పు కాడది” అన్నాను గట్టిగా. “పచ్చిది కోసీసినాను. పాలు కారతన్నాది. అత్తా, ఉప్పునీళ్లతో పుక్కిలించి మళ్లీ సూడు.”

ఉప్పు దండిగానే కలిపిచ్చాను. ఎండుకాడ వెతికి తెచ్చాను. అత్త నాలుగైదుసార్లు పుక్కిలించి మళ్లీ రుచి చూసింది.

“ఇప్పుడు బాగున్నాది. దించండి.”

“కాడలో తేడా మాకెవరికీ అందలేదమ్మా, మీకే అందింది” అన్నారు పాస్టరుగారు. సీసాలు తెప్పించే మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రానికి సీసాలన్నీ నింపి బిరడాలు బిగించాం.

ఇంటికి వస్తూ జీడితోట దగ్గర అత్త ఆగింది.

“బొప్పాయి పాలు సేదు, వగరు కాదు. ఆ మాత్రం నా నాలిక్కి తెల్దేటి?”

కాస్త దూరం నడిచాక, నా వైపు చూడకుండానే అంది:

“వచ్చే యేడు ఈ తోటలో నన్ను ముందు నడిపించు. నువ్వు ఎనకాల రా.”