వరదనీటి బాటిల్లో యాసిడ్

రాజమండ్రిలోని నదీజలాల పరీక్షా కేంద్రానికి నేను సీనియర్ కెమిస్టుగా బదిలీ మీద వచ్చింది ఒక జూలై నెలలో. అప్పటికే గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. నా కుర్చీ ఏ వైపు ఊగుతుందో ఇంకా తెలియకముందే బల్లమీదికి ఒక రిపోర్టు వచ్చింది. ధవళేశ్వరం దిగువన తీసిన నీటిలో కరిగి ఉన్న సీసం హద్దు దాటిందని దాని సారాంశం. నేను సంతకం చేసి పంపితే, నదిలో చేపలు తినవద్దని జిల్లాలో ప్రకటన ఇస్తారని పై అధికారి ఫోనులో చెప్పారు.

ఆ సంగతి ఎలా పొక్కిందో గాని, మర్నాడు పొద్దున్నే మంగ వచ్చింది. బ్యారేజీ దగ్గర చేపలమ్మే ఆడవాళ్లకు ఆమే పెద్ద దిక్కు. సముద్రం నుంచి ఎదురీది వచ్చే పులస దొరికేది ఈ వరద నెలల్లోనే. వాళ్ల ఏడాది బతుకంతా ఆ నెలల మీదే ఉంటుంది.

"ఒక్కసారి ఆ మాట టీవీలో వచ్చిందంటే మా చేప ఇంకెవరూ ముట్టుకోరండి. తర్వాత కాదన్నా నమ్మరండి," అంది. ఉంటే ఉందనీ, లేకపోతే లేదనీ రాస్తానని చెప్పాను.

"అలాగే రాయండి మేడమ్ గారూ. సరిగ్గా చూసి రాయండి."

నాకు ఒళ్లు మండింది. ఆమె వెళ్లాక ఆ కోపంతోనే రిపోర్టు మళ్లీ తెరిచాను. వేసవి పరీక్షల్లో సీసం ఊసే లేదు. వరద వస్తే ఏ మురుగైనా పలచబడాలి గాని, అంకె ఇంతగా ఎందుకు పెరగాలి?

నమూనాలు తీసే పద్ధతి చూపించమని ల్యాబ్ అసిస్టెంట్ సత్యం గారిని అడిగాను. లోహాలు బాటిల్ గోడలకు అంటుకోకుండా నీటి నమూనాలో కాస్త నైట్రిక్ యాసిడ్ వేయడం మామూలే. అయితే ముందు వడపోసి, తర్వాత యాసిడ్ వేయాలి. ఇక్కడ పని తేలికని బాటిళ్లలో యాసిడ్ ముందే పోసి ఉంచుతున్నారు. నది దగ్గర నీళ్లు పట్టి, ల్యాబుకొచ్చాక వడపోస్తున్నారు. వేసవిలో నీరు తేట కాబట్టి ఆ అలవాటు ఏ హానీ చేయలేదు. వరదనీటిలో మట్టి దండిగా ఉంటుంది. ఆ రేణువులను పట్టుకుని ఉన్న సీసం యాసిడ్ తగలగానే ఊడి నీళ్లలో కలుస్తుంది. అలా జరిగిందని నా అనుమానం. అనుమానం మీద రిపోర్టు ఆపలేం కనుక, ఒక్క రోజు గడువు అడిగాను.

వరద హెచ్చరిక ఉండడంతో పడవలు ఆపేశారు. బ్యారేజీ మీద నుంచి తాడుతో బాటిల్ దించి, నడి ప్రవాహంలోంచి నీళ్లు తీశాం. సగం పాత పద్ధతిలో నింపాం. మిగతా సగం గట్టుమీదే చేత్తో నొక్కే చిన్న పంపుతో వడపోసి, ఆ తర్వాత యాసిడ్ వేశాం. ఫిల్టర్ పేపరు నాలుగు చుక్కలు దిగేసరికి మూసుకుపోతోంది.

"ఈ బురద దిగదండి మేడమ్. అందుకేనండి ల్యాబులో చేసుకునేది," అన్నారు సత్యం గారు. ఆయన మాటా నిజమే. జల్లు మొదలైతే మంగ గొడుగు తెచ్చి పంపుకు పట్టింది. మేం తడిశాం. వెళ్లేటప్పుడు బుట్టలోంచి ఒక పులస తీసి ఇచ్చి, దాన్నీ పరీక్ష చేయమంది. అంత ఖరీదైన చేపను కోసి ముక్కలు యాసిడ్‌లో వేస్తుంటే సత్యం గారు చూడలేక పక్కకు తిరిగారు.

పాత పద్ధతి బాటిళ్లలో సీసం మళ్లీ హద్దు దాటింది. ముందే వడపోసిన వాటిలో హద్దుకు చాలా లోపల ఉంది. చేపలోనూ భయపడాల్సిందేమీ లేదు. వేసవిలో దాచిన ఫిల్టర్ పేపర్ల మీది మట్టితో పోల్చి చూస్తే, గ్రాముకు లెక్కన వరద మట్టిలోనే సీసం తక్కువ. ప్రవాహం నెమ్మదిగా ఉన్నప్పుడు బరువైన ఇసుక అడుక్కి దిగిపోయి, లోహాలను ఎక్కువగా పట్టుకునే సన్నటి బంకమట్టే తేలుతుంది. వరద ఇసుకనూ, గట్ల మట్టినీ కూడా లేపి ఆ బంకమట్టిని పలచన చేస్తుంది. అంటే అంకె పెరిగింది నీళ్లలో మట్టి ఎక్కువై గాని, నదిలోకి కొత్తగా సీసం వచ్చి కాదు. ప్రాణం తేలికపడింది. పై అధికారి కాసేపు గొణిగి, రెండు ఫలితాలనూ వివరణతో పంపమన్నారు. ప్రకటన ఆగిపోయింది.

మరుసటి ఏడు మంగ పులస పట్టుకొచ్చి, "ఇది మాత్రం యాసిడ్‌లో వెయ్యకండి," అంది. డబ్బిచ్చే తీసుకున్నాను.

అప్పటినుంచి మా బాటిళ్లు నదికి ఖాళీగానే వెళ్లాయి. యాసిడ్ వేరే డబ్బాలో వెళ్లింది. ఆ రోజు నది ఎలా పారుతోందో పక్కన రాయని అంకె మీద నేను మళ్లీ సంతకం పెట్టలేదు.