మొక్కిన పోతు, మూసిన కొండ

శృంగవరపుకోట దగ్గర మా ఊరి వెనకున్న కొండ ఒకప్పుడు అడవట. అరవైల చివర, నేను బి.ఏ. పూర్తిచేసి ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్న రోజుల్లో, దాని మీద గడ్డికంటే మేకలే ఎక్కువ కనిపించేవి.

మా మేనమామ ఊరిపెద్ద. కొండ మీంచి దిగే గెడ్డ సంక్రాంతి దాటకుండానే ఎండిపోతోందని ఆయన దిగులు. ఊరందరినీ కూర్చోబెట్టి ఒప్పించాడు. రెండు వానాకాలాలు కొండ మీద మేపు బందు. మోడులు చిగురించాలి, మధ్యలో నేరేడు, ఉసిరి, ఇప్ప గింజలు వేయాలి. అప్పటికి మొక్కలు మేక నోటికి అందనంత ఎదగకపోతే కొండ మళ్లీ మేకలదే.

కంచె వేసే స్తోమత లేదు. మావ కొండ మొదట్లో ఒక రాయి నిలబెట్టి, పసుపు రాసి, వేపమండలు కట్టి, ఇది అమ్మవారి కొండ అన్నాడు. ఆ రాయి మా పెరట్లోదని ఊరందరికీ తెలుసు. మోసేటప్పుడు ఒక కొస నేనే పట్టుకున్నాను. అయినా దాన్ని దాటే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దాటింది ఒక మేకపోతు. పక్కవీధి ముసలమ్మ, కూతురి జ్వరం తగ్గితే ఇస్తానని అమ్మవారికి మొక్కిన పోతు. మొక్కిన పోతు ఎవరి చేలో మేసినా కొట్టకూడదని మావైపు ఆచారం. అది నేరేడు మొక్కల్ని వరసగా రుచి చూస్తుంటే మావ కర్ర చంకలో పెట్టుకుని దండం పెట్టాడు.

"ఏటి మావా, సూత్తా ఊరుకున్నావు?" అన్నాను.

"ఏటి సెయ్యమంతావురా? అమ్మోరి పోతు, అమ్మోరి కొండ. మజ్జిలో నానెవుణ్ణి?"

ఈ న్యాయం మేకలున్నవాళ్లందరికీ బాగా నచ్చింది. వారం తిరక్కుండా ఊళ్లో ప్రతి మేక నుదుటా పసుపు పడింది. అడిగితే, మొక్కుకున్నాం అన్నారు. మా ఊళ్లో అంత భక్తి నేనెప్పుడూ చూడలేదు. మందంతా కొండెక్కింది. మావకి అన్నం సహించలేదు.

రెండ్రోజులు ఆలోచించి దండోరా వేయించాడు. మంగళవారం అమ్మవారి పండగ, మొక్కిన మేకలన్నీ రాయి దగ్గర మొక్కు తీర్చుకోవాలి, మాంసం ఊరందరికీ సమానం. మేకలు లేనివాళ్లు చాలా సంతోషించారు.

ఆ సాయంత్రం గెడ్డలో మేకల మొహాలు కడిగే పని జోరుగా సాగింది.

"మొక్కేటి బావూ? ఎవడో గుంటడు ఆటకి పసుపు పూసేసినాడు," అన్నాడొకాయన.

మంగళవారం వచ్చింది ముసలమ్మ ఒక్కతే. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కొంగు, కళ్లనిండా నీళ్లు.

"తీసుకోండి బావూ. పిల్లకి జొరం తగ్గింది, మాటంటే మాటే."

మావ రాయి వైపు తిరిగి, విన్నట్టు తలూపాడు.

"అమ్మోరు కోడి సాలంతంది, పెద్దమ్మా."

"ఎప్పుడు సెప్పింది?"

"ఇప్పుడే. నీకు సెముడు కదా. పోతుని మాత్రం ఇంటికాడ కట్టీమంది."

"కట్టేత్తే ఏటి తింతాది?"

దీనికి అమ్మవారు ఏమీ చెప్పలేదు. మావే చెప్పాల్సి వచ్చింది.

ఆనాటి నుంచి తెల్లారగానే మావ కొండ మీద గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకుని ముసలమ్మ ఇంటికి మోసేవాడు. ఊరిపెద్ద మేకకి ఊడిగం చేయడం చూడ్డానికి వీధంతా అరుగులెక్కేది. కొన్నాళ్లకి చూసి చూసి వాళ్లూ కొడవళ్లు పట్టుకొచ్చి గడ్డి కోసుకోసాగారు, మేకల్ని ఇంటి దగ్గరే ఉంచి.

రెండో వానాకాలం వెళ్లాక ఊరంతా కొండ మీద చేరింది. పరీక్షకి ముసలమ్మ పోతునే తెచ్చారు. ఊళ్లో దానికి మించి మేసినది లేదు. అది నేరేడు చెట్టు ముందు వెనకకాళ్ల మీద లేచి, మెడ సాచి, నాలుక చాపింది. కొస చిగురు అందలేదు.

మావ పోతుకి మళ్లీ దండం పెట్టాడు.

"ఇంకోపాలి సూడనియ్యండి దాన్ని," అంది ముసలమ్మ.