గంజాయి వేషం కట్టిన గోంగూర

సినిమాలో హీరోయిన్ ఏ కొమ్మ పట్టుకుని సిగ్గుపడినా ఆ కొమ్మ నాదే. హీరో ఇంటి గేటు పక్కన కుండీలు, విలన్ ఆఫీసులో మనీప్లాంటు, ఆసుపత్రి వరండాలో క్రోటన్లు, అన్నీ నావే. మా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లో దీన్ని గ్రీనరీ అంటారు. ఫైన్ ఆర్ట్స్ చదివి ఫిల్మ్‌నగర్లో ఒక ఆర్ట్ డైరెక్టర్ గారి దగ్గరికి పని కోసం వెళ్తే, ఆయన నా బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, "బాగున్నాయమ్మా. మొక్కలు చూసుకుంటావా?" అన్నారు. చూసుకుంటానన్నాను. అప్పటికి నాకు మరువానికీ దవనానికీ తేడా తెలియదు.

మా అమ్మకు ఇది అసలు ఉద్యోగంలాగే కనిపించలేదు. ఆవిడ మోతీనగర్ దగ్గర చర్చి వాళ్ళ బడిలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి ఈమధ్యే రిటైరైంది. అదే బడిలో డ్రాయింగ్ టీచరు పోస్టు ఖాళీ అయిందని తెలిసిన రోజు నుంచి ఇంట్లో నాకు మనశ్శాంతి లేదు. కరస్పాండెంట్ మేడమ్ గారు నా కోసం ఆ పోస్టు ఆపి ఉంచారట. చివరికి అమ్మా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. చేతిలో ఉన్న సినిమా పూర్తయ్యేసరికి ఆర్ట్ డైరెక్టర్ గారు నన్ను పర్మినెంట్ అసిస్టెంటుగా తీసుకుంటే సరి. లేదంటే జూన్‌లో బడి తెరిచే రోజు నేను చీర కట్టుకుని, చాక్‌పీసు పట్టుకుని అక్కడ ఉండాలి. పిల్లలంటే నాకు కోపం లేదు కానీ, ఏడాదంతా జాతీయ జెండా, నెమలి, గుడిసె వెనక సూర్యోదయం దిద్దించే ఓపిక నాకు లేదు.

ఆ చేతిలో ఉన్న సినిమా ఒక కామెడీ. జూబ్లీ హిల్స్‌లో పెద్ద బంగళా, అందులో ఒక నానమ్మ, ఆ నానమ్మ మనవడికి తెలియకుండా డాబా మీద గంజాయి పెంచుతూ ఉంటుంది. మా ఆర్ట్ డైరెక్టర్ సార్ నన్ను పిలిచి, "డాబా సెట్టు మొత్తం నీదే. బాగా వస్తే నువ్వు నాతోనే ఉంటావు" అన్నారు. అసలు మొక్క తెస్తే సినిమా కంటే ముందు మేం లోపలికి పోతాం. ప్లాస్టిక్ మొక్కలు తెప్పించి చూస్తే పెళ్ళి మంటపంలో అలంకరణలా మెరుస్తున్నాయి. అందరం తలలు పట్టుకుని కూర్చుంటే సారే అన్నారు, "గోంగూర పెట్టేద్దాం."

నవ్వాను. ఆయన నవ్వలేదు. గోంగూరలో ఒక రకం ఉంది, ఆకు అయిదు వేళ్ళుగా చీలి, అంచులు రంపంలా ఉంటుంది. కొంచెం దూరం నుంచి చూస్తే ఎవరైనా మోసపోవాల్సిందే. మనం రోజూ పచ్చడి చేసుకుని తింటాం కాబట్టి మనకు దాని మొహం మీద అనుమానం రాదు, అంతే. ఆ రకం పెంచే తోట ఒకటి ఊరి బయట వెతికి పట్టుకుని, మొక్కల్ని వేళ్ళతో సహా తెచ్చి, కుండీల్లో పెట్టి, బంగళా డాబా మీదికి ఎక్కించాను. మొదటి రోజు దూరం నుంచి తీసే షాట్లు తీశారు. మానిటర్లో చూసి డైరెక్టర్ గారు ఎవరితోనో, "పోలీసులకు చెప్పి పెట్టుకున్నాం కదా?" అన్నారు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇంటికి వెళ్ళి అమ్మతో, డ్రాయింగ్ టీచరు పోస్టుకు వేరే మనిషిని వెతుక్కోమని చెప్పేశాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం దగ్గర నుంచి తీసే షాట్లు. పొద్దున వేరే సామాను కోసం తిరిగి, భోజనాల వేళకు బంగళాకు చేరాను. గేటు దగ్గరికే మంచి ఘుమఘుమలు. డైరెక్టర్ గారు రెండోసారి వడ్డించుకుంటూ, "ఇవాళ గోంగూర మటన్ అదిరింది, తిన్నావా?" అన్నారు. ఇంకా తినలేదని చెప్పి మేడ మీదికి వెళ్ళాను. కుండీలన్నీ ఉన్నాయి. కుండీల్లో మట్టి ఉంది. మట్టిలో బెత్తెడు మొండాలు ఉన్నాయి.

కిందికి దిగి వంట మాస్టరును పట్టుకున్నాను. ఆయన గరిటె చేత్తో పట్టుకునే, ఎంతో సంతోషంగా చెప్పాడు.

"డాబా మీద పుంటికూర మస్తు గుబురుగ ఉన్నది మేడమ్. ఎండకు ఊకె ఖరాబైతదని కోసుకొచ్చినం. ఇంటోళ్లను అడిగితే మాది కాదన్నరు. ఎవ్వరిది కాదన్నంక మనదే గద."

"అది సెట్టు, మాస్టర్."

"పుంటికూర సెట్టు ఏంది మేడమ్?"

ఆయన తప్పేం లేదు. పుంటికూర అన్నా గోంగూర అన్నా ఒకటే, దాన్ని చూసి గంజాయి అనుకోవడం కెమెరాకు రావాలి కానీ వంటవాడికి రాదు. ఆ రోజు యూనిట్ మొత్తం నా సెట్టును అన్నంలో కలుపుకుని తినేసింది. విషయం తెలిశాక డైరెక్టర్ గారు ప్లేటు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశారు. సార్ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పారు. నానమ్మ వేషం వేసే సీనియర్ నటి గారు వేరే షూటింగుకు వెళ్తున్నారు, మళ్ళీ వచ్చాకే ఈ సీను, అప్పటికి డాబా మీద తోట ఉండకపోతే ఈ పని ఇంకొకరికి ఇవ్వక తప్పదు. కుండీల్లో మిగిలిన మొండాలు, కొత్త మట్టిలో వేరు పట్టక, ఎండకు అప్పటికే వడిలిపోయాయి. తోటకు ఫోన్ చేస్తే, దున్నేశాం, ఇక వానలకే అన్నారు. నేను వంటశాల వెనక్కి వెళ్ళి, ఆకు దూసి పారేసిన కాడలన్నీ ఏరి గోనెసంచిలో వేసుకుని, ఆటోలో యూసుఫ్‌గూడ ఇంటికి వచ్చాను.

ఆ కాడలు ఎందుకు తెచ్చానంటే, మా అమ్మ గోంగూర కట్ట తెస్తే ఆకు వలిచాక కాడ పారేయదు. బాల్కనీలో కుండీలో గుచ్చుతుంది. అవి బతికి మళ్ళీ ఆకేస్తాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కానీ ఎలా చేస్తుందో ఎప్పుడూ చూడలేదు.

సంచి విప్పి విషయం మొత్తం చెప్పాను, గంజాయితో సహా. అమ్మ చర్చిలో స్త్రీల సమాజం సెక్రటరీ. ఆవిడ మొహం చూసి నేనే తల వంచుకున్నాను. ఆవిడ మాత్రం కాడ ఒకటి తీసి గోటితో గీకి చూసింది. లోపల ఇంకా పచ్చగా ఉంది.

"ముందు వీటిని నీళ్ళలో పెట్టు. తిట్టడం తర్వాత తిడతాను" అంది.

నీళ్ళలో పెట్టాను. ఎండ తగ్గి సాయంత్రమయ్యేదాకా కత్తి ముట్టుకోనివ్వలేదు. కొమ్మలు నాటడానికి వానాకాలం మొదలు మంచిదనీ, ఎండాకాలంలో ఎవరూ చేయరనీ, చేస్తే గీస్తే చల్లపూటే చేయాలనీ చెప్పింది. చివరి లేత భాగం తీసేయమంది, అది వాడిపోతుందట. కింద మొదలు దగ్గర ముదిరిన భాగం వద్దంది, దానికి వేరు రావాలంటే బద్ధకమట. నడుమ పెన్సిల్ లావు భాగమే కావాలి. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన, ఏటవాలుగా. పై కోత కణుపు మీద కొంచెం వదిలి, అడ్డంగా.

"రెండూ రెండు రకాలెందుకు?" అన్నాను.

"ఆకు లేని కాడకు తల ఏదో కాళ్ళేవో నీకెలా తెలుస్తుంది?"

ఆవిడ ఈ మాట అనేసరికే నేను ఒక కుండీ నిండా తలకిందులుగా గుచ్చేసి ఉన్నాను. చూసి ఎంత నవ్విందో చెప్పలేను. నాకు లెక్కలు చెప్పినప్పుడు కూడా ఇంత నవ్వలేదు. అన్నీ పీకించి మళ్ళీ పెట్టించింది. పక్కన కడుతున్న అపార్ట్‌మెంటు వాళ్ళను అడిగి ఇసుక తెచ్చాను. కొబ్బరి పొట్టు, కొంచెం మట్టి కలిపాం. ఎరువు వేయబోతే చేయి పట్టుకుంది. వేరే లేని దానికి తిండి పెడితే కుళ్ళి ఊరుకుంటుందట. ముందు పుల్లతో గుంట చేసి, అందులో కాడ నిలబెట్టి, చుట్టూ వేళ్ళతో అదిమాలి. నేరుగా గుచ్చితే తొక్క లేచిపోతుంది. పైన తడి గోనె పట్టాతో నీడ కట్టాం. నీళ్ళ సీసాలు సగానికి కోసి కొన్నిటి మీద బోర్లించాం.

తర్వాత ఎదురుచూడటమే. నాకు అదొక్కటే చేతకాదు. కొన్నాళ్ళకు కణుపుల దగ్గర చిగుళ్ళు కనబడగానే సార్‌కు ఫోన్ చేసి, వచ్చేశాయి సార్ అన్నాను. అమ్మ విని, "ఏం వచ్చాయి? అది కాడలో ఉన్న బలంతో వేసిన చిగురు. వేరు సంగతి దేవుడికి తెలుసు" అంది. ఒకటి పీకి చూశాను. నిజమే, కింద ఏమీ లేదు. పీకినందుకు నా చేతి మీద ఒక్కటి వేసింది. చిగురేసినవి కూడా కొన్ని ఎండిపోయాయి. పొద్దున లేవగానే గోనె పట్టా ఎత్తి చూడాలంటే భయం వేసేది. బతికినవి బతికాయి. మెల్లగా కదిపితే కదలకుండా మట్టిని పట్టుకున్న రోజున, పీకకుండానే నాకు అర్థమైంది.

సీనియర్ నటి గారు తిరిగొచ్చారని కబురు వచ్చింది. కుండీలన్నీ టెంపోలో ఎక్కించాం. డ్రైవరు బ్రేకులు ఎలా వేస్తాడోనని అమ్మ కూడా ఎక్కి కూర్చుంది. "నేను పైకి రాను, కిందే ఉంటాను" అన్న మనిషి, కుండీలు మోసేవాళ్ళ పద్ధతి నచ్చక డాబా మీదికే వచ్చి నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడింది.

డైరెక్టర్ గారు మొక్కల పక్కన చెయ్యి పెట్టి ఎత్తు చూశారు. దూరం షాట్లో నడుం ఎత్తు తోట. ఇప్పుడున్నవి జానెడు పిల్లలు. అప్పుడు సార్, "మన తోటను ఏం చేశాం సార్? తినేశాం కదా. కథలో కూడా మనవడి ఫ్రెండ్సు దొంగతనంగా కోసుకుపోయారనుకోండి. ముసలావిడ మిగిలిన కాడలు పట్టుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. చూపించేద్దాం" అన్నారు. డైరెక్టర్ గారి మొహం వెలిగింది. అదే మంచి సీను అన్నారు. నానమ్మ కాడ కోసి నాటడం మొత్తం దగ్గర నుంచి కావాలన్నారు.

సీనియర్ నటి గారు గొప్ప నటి. కళ్ళతో తోట మొత్తం పెంచగలరు. కానీ గోళ్ళు కొత్తగా చేయించుకున్నారు. కత్తి పట్టుకుంటే జారుతోంది, కాడ విరుగుతోంది. నేను చేద్దామంటే నా చేతులకు నానమ్మ వయసు లేదు. షాటు కోసం బజారు నుంచి తెప్పించిన గోంగూర కాడలు అయిపోతున్నాయి, ఎండ పోతోంది. డైరెక్టర్ గారు విసుగ్గా, "ఇది వదిలేద్దాం, సెట్టు మార్చేద్దాం" అన్నారు. అంటే నా డాబా పోయినట్టే. నేను పోయినట్టే. అప్పుడే ఆయన చూపు ట్యాంకు నీడలో ఉన్న అమ్మ మీద పడింది. అమ్మ అప్పటికే విరిగిన కాడలు ఏరి నీళ్ళ బకెట్టులో వేస్తోంది.

"అమ్మా, మీ చేతులు కాసేపు మాకు కావాలండీ."

అమ్మ నా వైపు చూసింది. తను కాదంటే జూన్‌లో నేను బడికి వెళ్తాను, ఆవిడ కోరుకున్నది అదే. ఒక్క మాటతో అయిపోతుంది. పైగా అడుగుతున్నది గంజాయి నాటమని.

"మొహం కనిపించదు కదండీ?" అంది.

"కనిపించదండీ."

"ఇది గోంగూరేనని తెర మీద ఎక్కడైనా వేస్తారా?"

"వేయలేమండీ" అన్నారు డైరెక్టర్ గారు, నిజాయితీగా.

అమ్మ వాచీ తీసి నా చేతికిచ్చి, నటి గారి గాజులు తొడిగించుకుని, కుండీ ముందు పీట మీద కూర్చుంది. కెమెరా ఆవిడ వేళ్ళ దగ్గరికి వచ్చింది. ఏటవాలు కోత, అడ్డం కోత, పుల్లతో గుంట, వేళ్ళతో అదమడం. చిన్నప్పటి నుంచి చూస్తూ ఎప్పుడూ చూడని ఆ చేతులు మానిటర్ నిండా ఉన్నాయి. సార్ నా పక్కన నిలబడి చూస్తున్నారు.

రెండో కోణం కోసం లైట్లు సర్దుతున్నప్పుడు అమ్మ ఫోన్ మోగింది. కరస్పాండెంట్ మేడమ్ గారు. అమ్మ చేతుల నిండా మట్టి. నన్ను చెవి దగ్గర పెట్టమంది. పెట్టాను. అవతలి మాటలు నాకూ వినిపిస్తున్నాయి. అమ్మాయి సంగతి ఇవాళ తేల్చేయాలట.

"రాదండీ మేడమ్" అంది అమ్మ. "మీరింకొకరిని చూసుకోండి. లేదండీ, అలగడం కాదు. తనకు ఇక్కడ పనుంది." ఇంతలో కెమెరా దగ్గర నుంచి రెడీ అని కేక వినిపించింది. అమ్మ వీపు నిటారుగా పెట్టి, మట్టి వేళ్ళు మళ్ళీ కాడ మీద సరిగ్గా ఇందాకటి చోటే ఉంచింది.

"మళ్ళీ ఫోన్ చేస్తానండీ. షాట్‌లో ఉన్నాను."