బిసేసర్ ఇంటి ఇత్తడి గిన్నె

క్యూర్‌పైప్‌లో ఉదయం ఏడు గంటల రైలుబండి ఎక్కాను. చలికాలం, ప్లాట్‌ఫారం నిండా మంచు. ఈ దారిన వచ్చేవారు కంబళి మరిచిపోకండి. ఒళ్లో నా స్నేహితుడు బిసేసర్ ఇంటి ఇత్తడి గిన్నె ఉంది. మా అమ్మాయి పుట్టినప్పుడు అతని తల్లి పాయసం పోసి పంపిన గిన్నె.

శివరాత్రి ఊరేగింపులో ఈ దీవిలోని మా తెలుగువాళ్ల రామభజన ముందు నడవాలా, వాళ్ల భోజ్‌పురి ఢోలక్ ముందు నడవాలా అని తగువొచ్చి రెండు వర్గాలకూ మాటలు పోయాయి. అప్పటినుంచి ఎవరి సామాను వాళ్లకు తిప్పి పంపేస్తున్నారు. పిల్లలకు తెలుగు చెప్పే పంతులునై ఉండి నేను వెనకబడితే ఎలా? గిన్నె ఖాళీగా వాళ్ల గుమ్మంలో పెట్టి రావాలని నా పంతం.

"గుప్పెడు పంచదారైనా వెయ్యండి. ఉత్త గిన్నె ఇస్తే ఆ ఇంటితో తెగినట్టే," అంది నా భార్య.

తెగాలనే కదా వెళ్తున్నాను అన్నాను.

మూడో తరగతి పెట్టె కిక్కిరిసి ఉంది. ఎదురుగా కూర్చున్న తెలుగు ముసలమ్మ గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏటి బాబూ, ఒకరింటికి ఉత్త గిన్నెట్టుకు ఎల్తన్నావా?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "తొందర్లో మరిచిపోయానమ్మా," అన్నాను.

అదే నా కొంప ముంచింది. ఆవిడ కొంగుముడి విప్పి బెల్లం ముక్క వేసింది. పక్కనున్న క్రియోల్ ఆవిడ సంగతేమిటని అడిగి, "ఆయో, మిస్యే!" అని జాలిపడి, బుట్టలోంచి నాలుగు గాతో పిమాన్ తీసి వేసింది. మిరపకాయ వేసిన పప్పు వడలవి, ఇంకా వేడిగా ఉన్నాయి. బట్టల మూటతో నిలబడ్డ సాయిబు జేబులోంచి ఖర్జూరాలు తీశాడు. వద్దన్నా వినలేదు. రోజ్‌బెల్ దాటేసరికి గిన్నె నిండింది. ముగ్గురూ నా మతిమరుపు మీద జోకులేసుకుని నవ్వుకుంటున్నారు. నేను సిగ్గుతో కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

ప్లేన్ మాన్యెన్‌కు దగ్గరి స్టేషన్లో దిగి నడిచాను. చెరుకు చాటున గిన్నె బోర్లించేద్దామనుకున్నాను. అడక్కుండా పెట్టిన తిండి, చేతులు రాలేదు.

గుమ్మంలో బిసేసర్ తల్లి ఉంది. గిన్నె చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది. దగ్గరికొచ్చి లోపలికి చూసి, అరుగు మీద కూలబడి ఏడ్చేసింది.

"ఉత్త గిన్నె తెస్తావని రోజూ భయపడ్డాను బేటా," అంది.

బిసేసర్ ఒక వడ కొరికాడు. "ఇవి భాభీ చేతివి కావే?"

"రైల్లోవి."

"నాకోసం రైల్లో కొన్నావా!" అంటూ నా భుజం పట్టుకున్నాడు. "రోడ్డు వెడల్పుగానే ఉంది భయ్యా. వచ్చే శివరాత్రికి పక్కపక్కనే నడుద్దాం."

కొనలేదని చెప్పలేకపోయాను. పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నాం.

సాయంత్రం బండికి తిరిగి బయలుదేరాను. ఆ తల్లి గిన్నె మళ్లీ నా చేతికే ఇచ్చింది, నిండా తను చేసిన పప్పు పూరీలతో. పొద్దుటి ముగ్గురి కోసం ప్రతి పెట్టే వెతికాను, కనబడలేదు. గిన్నెలోని పూరీలు పక్కవాళ్లకు పెట్టాను. ఎవరు ఏ భాషవాళ్లో అడగలేదు. అందరూ తిన్నారు.

మూడో తరగతిలోనే వెళ్లండి, ఈ దారిలో మనుషులు మంచివాళ్లు. నా సంగతే వేరు. ఇంటికెళ్లాక తిరిగొచ్చిన గిన్నె చూసి నా భార్య సంతోషిస్తుంది. చివరికి మీరేం వేశారని అడుగుతుంది. నేనేమీ వేయలేదని చెప్పాలి.