ఆయన చేయని కుర్చీలు

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడటానికి పట్టింది అర నిమిషం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా ఆయన బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టేవాడు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, గోదావరిఖని చివర కట్టుకున్న సొంతింటికి వచ్చాం. నేను వంటింట్లో డబ్బాలు సర్దుకుంటుంటే ఆయన పెరట్లో రేకుల షెడ్డు వేసుకున్నాడు. పనిబల్ల బిగించాడు. రంపాలు, ఉలులు, చెక్క నునుపు చేసే రందా అమర్చుకున్నాడు. డ్యూటీకి వెళ్తున్నట్టే పొద్దున్నే చాయ్ తాగి షెడ్డులోకి వెళ్లేవాడు. పని చేస్తూ ఈల వేసేవాడు. పెళ్లయిన అన్నేళ్లలో ఆయనకు ఈల వచ్చని నాకు తెలియదు.

నాకు మాత్రం చిరాకు. కొత్త గోడల మీద, ఆరేసిన బట్టల మీద రంపపు పొట్టు. అసలు కారణం అదేనా? కాదు. ఇల్లు చూడటానికొచ్చిన మా వదిన, "ఏందే, మీరు వడ్లోళ్లు అయిన్రా?" అని నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. కర్ర పని చేసి బతికేవాళ్లు నా లెక్కలో అంత తక్కువా? అప్పుడు నన్ను నేను ఈ మాట అడగలేదు.

పక్కింటి పాపకు ఆయన చిన్న కుర్చీ చేసిచ్చాడు. అది చూసి, దగ్గర్లో బడి నడిపే సారు పసిపిల్లల తరగతికి అలాంటివే కావాలని, వచ్చి మాట్లాడతానని కబురు పంపాడు. ఆయన ఇంకో కుర్చీ నమూనాగా చేశాడు. పిల్లల చేతులకు గుచ్చుకోకుండా అంచులన్నీ అరగదీశాడు. రెండు రోజులు వాకిట్లోకే చూశాడు. మూడో రోజు పింఛను పని మీద పెద్దపల్లి వెళ్లక తప్పలేదు. "సార్ వస్తే కూసోబెట్టు. కుర్చీ సూపియ్యి. నేను జల్ది వస్త" అని చెప్పి వెళ్లాడు.

సారు వచ్చాడు. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"అన్న లేడా అక్కా? కుర్చీల కోసమని వచ్చిన."

"ఆ పని బంద్ పెట్టిండు సార్. చేతులు వణుకుతున్నయ్. చేసినయి గూడ నిలుస్తలేవు."

"అయ్యో, గట్లనా! మంచిగ చేస్తడని విన్ననే."

"వేరే కాడ చూస్కోన్రి."

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగాడు, సార్ వచ్చిండా అని. రాలేదన్నాను.

కొన్నాళ్లకు బడి ముందు ఆటో నిండా ప్లాస్టిక్ కుర్చీలు దిగుతుంటే చూసి వచ్చాడు. పోయి అడిగే మనిషి కాదు. "నా పని నచ్చలే గావచ్చు" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. అన్నం వడ్డించాను.

మెల్లగా షెడ్డుకు వెళ్లడం మానేశాడు. ఒకనాడు తెలిసిన వడ్రంగికి పనిముట్లన్నీ ఇచ్చేశాడు. ఇల్లు శుభ్రపడింది. నేను కోరుకున్నది అదే కదా?

మొన్న తెలంగాణ రాష్ట్రం వచ్చిన సంబరాల్లో మనవరాలు మా ఇంట్లోనే ఉంది. అలమర తలుపు ఊడితే, "తాతా, నువ్వు చెయ్యరాదు?" అంది. ఆయన తలుపు వైపు కూడా చూడలేదు. "నాకు గంత మంచిగ రాదు బిడ్డా. పని వచ్చినోళ్లను పిలుద్దాం" అన్నాడు. అబద్ధం సారుకు చెప్పాను. నమ్మింది మాత్రం ఈయన.

ఇప్పుడు ఆయన పక్క గదిలో టీవీ ముందున్నాడు. లేచి వెళ్లి చెప్పవచ్చు. తిడతాడని కాదు నా భయం. ఏమీ అనకుండా ఊరుకుంటాడని.

ఆ రోజు సారు వచ్చాడు. నేనే వెనక్కి పంపాను. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక, ఊపిరి కొంచెం ఆడుతోంది.