మా ఆయన బిగించిన అలమర

మా ఆయన రిటైరై ఏడాది తిరక్కుండానే ఇంట్లో చెక్క అలమరకి చెదలు పట్టింది. అమలాపురంలో చెమ్మకీ చెదలకీ కొదవలేదు గనక నేను పెద్దగా బాధపడలేదు. వడ్రంగిని పిలిచి చిన్నదొకటి చేయించుకుందామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఈ రోజుల్లో వడ్రంగుల చుట్టూ ఎవరు తిరుగుతారే?" అని ఫోన్‌లో ఒక బొమ్మ చూపించేరు. తెల్లటి ప్లాస్టిక్ పలకలు, నల్లటి ఇనప చట్రాలు, మొత్తం పన్నెండు గళ్ళు. పనిముట్లేవీ అక్కర్లేదు, ఎవరైనా బిగించుకోవచ్చు అని కింద రాసి ఉంది. ఆ ఎవరైనాలో మా ఆయన ఉన్నారో లేదో అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆయన ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో పని చేసేరు. చేసేరంటే, చేయించేరు. గుమస్తా రాసుకొచ్చిన కాగితం మీద చిన్న సంతకం పెట్టి పైవాళ్ళకి పంపడమే ఆయన పని. ఇంట్లో బల్బు పోతే పోయిందని చెప్పడం కూడా ఆయన పనే, మార్చడం నాది. నేను పెద్దాసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. డ్యూటీ దిగి వచ్చి స్టూలెక్కి బల్బు మారుస్తుంటే ఆయన స్టూలు పట్టుకునేవారు కాదు. స్టూలు కదులుతోందని చెప్పేవారు.

ఒక శనివారం పొద్దున్న పెట్టె వచ్చింది. ఆయన లుంగీ ఎగ్గట్టి హాలు మధ్యలో కూర్చుని కత్తెర అడిగేరు. ఇచ్చేను. కాఫీ అడిగేరు. ఇచ్చేను. పలకలు ఒక దొంతర, చట్రాలు ఒక దొంతర, వాటిని మూలల్లో పట్టి ఉంచే ప్లాస్టిక్ బిళ్ళలు ఒక గుట్టగా పెట్టేరు. పెట్టెలోనే చిన్న ప్లాస్టిక్ సుత్తి కూడా వచ్చింది, చంటిపిల్లలు ఆడుకునేలాంటిది. ఎలా బిగించాలో చెప్పే బొమ్మల కాగితం ఉంది. దాన్ని మడతపెట్టి విసురుకుంటున్నారు.

"అది ఒకసారి చూడండి" అన్నాను.

"చూడ్డానికేముంది, బొమ్మలేగా. నువ్వెళ్ళి వంట చూసుకో."

గంటకి రెండు గళ్ళు లేచేయి. మూడోది పెడుతుంటే మొదటిది ఊడి పడింది. కింది గుమస్తాని చూసినట్టు ఆయన ఆ పలకని చూసేరు. పలకలు వంకర అన్నారు. కాసేపాగి గచ్చు ఎత్తుపల్లాలుగా ఉందన్నారు. ఆ తర్వాత బిళ్ళలు తక్కువ పంపేరన్నారు. మూడు బిళ్ళలు ఆయన తొడ కింద ఉన్నాయి. నాకు కనిపిస్తూనే ఉన్నాయి గానీ చెప్పలేదు.

భోజనం చేసి నడుం వాల్చేరు. నేను కాగితం మడతలు విప్పి చూసేను. అడుగు వరస మొత్తం ముందు బిగించుకుని, ఆ తర్వాతే పైకి వెళ్ళాలి. అంతకు మించి అందులో శాస్త్రమేం లేదు. చట్రం మూల బిళ్ళలోకి దూర్చి సుత్తితో రెండు దెబ్బలు వెయ్యడమే. టీవీ చూస్తూ చేసేను. ఆయన లేచేసరికి అలమర గోడవార నిలబడి ఉంది, అందులో దుప్పట్లు కూడా సర్దేసేను.

ఆయన దగ్గరికొచ్చి చేత్తో ఊపి చూసేరు. కదల్లేదు.

"నేను వేసిన అడుగు గట్టిది గనక నిలబడింది" అన్నారు.

ఆయన వేసిన అడుగుని నేను మొత్తం ఊడదీసేను. ఆ మాట అనలేదు. అనకుండా మింగినవాటిలో అదొకటి.

మర్నాడు చర్చి నుంచి మాతో వచ్చినవాళ్ళకి అలమర చూపించేరు. తానే బిగించేనన్నారు. ఫోటో తీసి కొత్తపేటలో ఉన్న వాళ్ళక్కగారికి పంపేరు. పదిరోజులు పోయేక ఆవిడ ఫోన్ చేసేరు.

"తమ్ముడూ, అలాంటిదే నేనూ తెప్పించేను. నువ్వొచ్చి బిగించి పెట్టాలి."

"ఆయ్, దానికేముందక్కా" అన్నారు. ఫోన్ పెట్టేసి దానివంకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ రా. నిన్ను చూసి చాలా రోజులైందంటోంది అక్క" అన్నారు. ఇందాక ఫోన్ స్పీకర్లోనే ఉంది, నేనూ విన్నాను. ఆవిడ ఆ మాటే అనలేదు.

అయినా వెళ్ళేను. ఎందుకని అడిగితే, చూడ్డానికి.

వదినగారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి దిగిపోయేరు. మాకు జంతికలు పెట్టి, కుర్చీలో కూర్చుని తమ్ముణ్ణి చూస్తున్నారు. ఆయన మళ్ళీ దొంతరలు పెట్టేరు. పెట్టి, నా వైపు వంగి మెల్లిగా అడిగేరు.

"ముందు అడుగు వరసా, పక్క వరసా?"

"మీరు బిగించిందే కదండీ, గుర్తులేదా?" అని జంతిక కొరికేను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి తీసి దేనికో తగిలించి సుత్తితో కొట్టేరు. పట్టు జారి చట్రం అంచు వేల్లోకి దిగింది. రక్తం గచ్చు మీద పడింది. ఆసుపత్రిలో రక్తం కనబడితే నా చెయ్యి దానంతటదే దూదికి వెళ్ళేది. ఆరోజు పళ్ళెం దగ్గరే ఉండిపోయింది. ఎంతసేపో చెప్పలేను గానీ, ఆ కాస్తసేపూ నాకు బాగానే ఉంది. ఆయన మీద ఉన్న చులకన కంటే అది నీచమైనదని తెలిసింది. అప్పుడు లేచేను.

కొంగుతో వేలు అదిమి పట్టుకుని, "పాత గుడ్డ ఉందాండీ?" అన్నాను.

వదినగారు గుడ్డ తెచ్చి, కట్టు కడుతుంటే పక్కనే నిలబడ్డారు. "చెప్పు పట్టీ పెట్టుకోడం వీడికి నేనే నేర్పేను. ఇప్పటికీ సరిగ్గా రాదు. మీ ఇంట్లోది నువ్వే బిగించేవని ఫోటో చూడగానే అనుకున్నానమ్మా. వీణ్ణి రమ్మంటే నువ్వెలాగూ వస్తావని తెలుసు."

ఆవిడ మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అడక్కుండా పని చేయించుకోవడం ఆ అక్కాతమ్ముళ్ళ రక్తంలోనే ఉంది. తమ్ముడికి కనీసం తాను చేస్తున్నాననే భ్రమైనా ఉంది, ఈవిడకి అదీ లేదు.

"అయితే మీరూ కింద కూర్చోండి వదినగారూ, బిళ్ళలు అందించండి" అన్నాను. ఆవిడ మోకాళ్ళ నొప్పులన్నారు. చిన్న పీట తెచ్చి వేసేను. ఆయన చేతికి కాగితం ఇచ్చి బొమ్మలు వరసగా చెప్పమన్నాను.

"ఒకటో బొమ్మ" అన్నారు ఆయన బుద్ధిగా. "ఒక మనిషి నవ్వుతున్నాడు."

"అది వదిలేసి రెండోది చెప్పండి."

మూడింటికల్లా అయిపోయింది. వదినగారు బిళ్ళలు అందిస్తూ రెండుసార్లు నడుం పట్టుకున్నారు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

తిరుగు బస్సులో ఊరు దగ్గరపడుతుంటే, "బానే కుదిరింది. ఇద్దరం కలిసి బిగించేం" అన్నారు. ఆయన బిగించినది ఒక్క గడీ కూడా లేదు. కానీ ఏ పని గురించైనా ఇద్దరం అనే మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. దానికి సంతోషించాలో, ఇంత తక్కువకి సంతోషించాలా అని సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయేను.

వేలు చూపించమన్నాను. కట్టు తడిసింది. ఇంటికెళ్ళేక మార్చేను.